పాలు పడాలంటే

ఫోన్లో వెతికితే మొదట కనపడాలంటే మంచి సరుకు ఉన్నంత మాత్రాన చాలదు, మంచి పేరున్నవాళ్ళ చేత మంచిదని చెప్పించుకోవాలి. సాహిరా ఉద్యోగం ఆ చెప్పించే పనే. గూడూరు నిమ్మకాయల మార్కెట్ సందులో, జెరాక్స్ షాపు మీది మేడలో నరేంద్రబాబు ఆఫీసు. కింద నిమ్మకాయల బస్తాలు, పైన ఏసీ గది, అందులో ఐదు కంప్యూటర్లు. బోర్డు మీద డిజిటల్ సొల్యూషన్స్ అని ఘనంగా రాసి ఉంటుంది గానీ లోపల జరిగేది సిఫారసులు పుట్టించడం. ఏ కాలేజీ వెబ్‌సైటుకో, పత్రికకో, ఏ డాక్టరో రాసుకునే బ్లాగుకో ఉత్తరం రాసి, పొగిడి, బతిమాలి, "మీ పేజీ నుంచి మా వాళ్ళ పేజీకి ఒక్క లింకు ఇవ్వండి" అని అడగాలి. ఇచ్చారంటే గూగుల్ ఏమనుకుంటుంది? ఇంత పెద్దమనిషి వేలితో చూపించాడంటే ఆ ఇల్లు మంచిదే అయ్యుంటుందనుకుని దాన్ని పైకి జరుపుతుంది. పాపం, దానికి అంతకన్నా తెలియదు.

సాహిరాకు ఆ పని బాగా పట్టుబడింది. నాలుగేళ్ళుగా చేస్తోంది. పనికిమాలిన సైట్ల నుంచి వంద లింకులు తెచ్చేవాళ్ళు ఆఫీసులో ఉన్నారు. పేరున్న చోటు నుంచి ఒక్కటి తేవాలంటే మాత్రం నరేంద్రబాబు సాహిరా కుర్చీ దగ్గరికే వచ్చేవాడు. అడిగే తీరు ఆమెకు తెలుసు. అవతలి మనిషి రాసింది నిజంగా చదివి, అందులో తనకు నచ్చిన మాటేదో చెప్పి, అప్పుడు అడుగుతుంది. చాలామంది కాదనలేకపోయేవారు.

ఆ ఏడు వేసవిలో పొత్తిళ్ళు ఫుడ్స్ అనే కంపెనీ వాళ్ళు వచ్చారు. బాలింతలకు లడ్డూలు చేసి అమ్ముతారు. తల్లులు ఫోన్లో "పాలు పడాలంటే" అని కొడితే తమ పేజీ మొదట రావాలని వాళ్ళ కోరిక. కోరికైతే బాగానే ఉంది. కానీ ఆ మొదటి చోట ఆరేళ్ళుగా ఒక ముసలామె కూర్చుని ఉంది.

ఆమె పేరు రెబెక్కమ్మ. కోట ఊళ్ళో ప్రభుత్వాసుపత్రి నర్సుగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైంది. కోట, వాకాడు, చిట్టమూరు మండలాల్లో ఆమెను అందరూ సిస్టరమ్మ అంటారు. కాగితాల్లో జిల్లా మారినా అడిగితే మాది నెల్లూరనే చెప్పే మనుషులు వాళ్ళు. ఒకసారి ఒకరి మాట నమ్మితే అంత తేలిగ్గా వదలరు. రిటైరయ్యాక ఆమె అక్క కొడుకు టైటస్ ఒక వెబ్‌సైటు పెట్టి, ఆమె చెబుతూ ఉంటే ఆ మాటల్ని అట్లాగే టైపు చేశాడు. రంగులూ బొమ్మలూ ఏమీ లేవు. "బిడ్డ ఏడిస్తే ఆకలేనని తీర్మానం చేయబాక మే, ముందు గుడ్డ తడిసిందేమో చూడు" అని మొదలవుతుంది పేజీ. పాలు పడడానికి పాలసొర చేపతో పుట్టు ఎట్లా వండాలి, తెల్లగడ్డలు ఎన్ని వెయ్యాలి, బిడ్డను ఏ పక్క నుంచి పట్టుకోవాలి, డబ్బాపాలు ఎందుకు కొనకూడదు, అన్నీ అందులో ఉన్నాయి. నర్సింగ్ కాలేజీలు, పిల్లల డాక్టర్లు, ఒక ఆరోగ్య పత్రిక తమంతట తామే ఆ పేజీకి లింకులు ఇచ్చారు. ఎవరూ అడగలేదు, ఎవరూ బతిమాలలేదు. సాహిరా వృత్తిలో అలాంటి పేజీ కనపడితే దండం పెట్టాలి.

ఇంకో సంగతి ఉంది. ఆ పేజీ తాళాలు సాహిరా దగ్గరే ఉన్నాయి. ఆమెదీ కోటే. టైటస్ బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు పాస్‌వర్డూ, తల్లులు ప్రశ్నలు పంపే వాట్సాప్ నంబరున్న చిన్న ఫోనూ సాహిరా చేతిలో పెట్టి పోయాడు. సిస్టరమ్మకు చిన్న అక్షరాలు ఆనవు. అందుకని ప్రతి ఆదివారం సాహిరా ఆమె ఇంటికి పోయి వచ్చిన ప్రశ్నలు చదివి వినిపించేది. ఆమె జవాబు చెబితే ఆ గొంతునే రికార్డు చేసి పంపేది. ఇందులో ఆమెకొచ్చే లాభం ఏమీ లేదు. సాహిరా పుట్టినప్పుడు తల్లి మదార్‌బీకి పాలు పడకపోతే, డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా రెండు రోజులు మంచం పక్కనే కూర్చున్న మనిషి రెబెక్కమ్మ. మదార్‌బీ ఆ సంగతి కూతురికి వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది.

నరేంద్రబాబు కంప్యూటర్లో ఆ పేజీ చూసి, "మీ ఊరామె గదా, నీకు తెలుసునా?" అన్నాడు.

"తెలుసు సార్. ఆ సైటు చూసేది నేనే" అని సాహిరా గొప్పగానే చెప్పింది. చెప్పాక నాలుక కరుచుకుంది.

అప్పటికప్పుడు ఎవరికీ చెప్పకుండా లింకు పెట్టేయవచ్చు. రెండు నిమిషాల పని. నరేంద్రబాబు అదే అన్నాడు కూడా. సాహిరా ఒప్పుకోలేదు, ఆ మాత్రం నీతి ఆమెకు అప్పట్లో ఉండేది. ఆదివారం లడ్డూల డబ్బా తీసుకుని సిస్టరమ్మ ఇంటికి పోయి సంగతంతా చెప్పింది.

సిస్టరమ్మ వెంటనే అవుననలేదు, కాదనలేదు. "నేను తిని చూడంది ఒకరికి చెప్పను మే" అంది. వారం రోజులు తాను తిన్నది. తనకు తెలిసిన ఇద్దరు బాలింతలకు పెట్టించింది. డబ్బా మీదున్న నంబరుకు ఫోన్ చేసి, మెంతులు ఎంత, బెల్లం ఎంత, వేయించేది నేతిలోనా డాల్డాలోనా అని అవతల ఎత్తినవాడి ప్రాణం తీసింది. తరువాతి ఆదివారం సాహిరాను కూర్చోబెట్టి అడిగింది.

"సరుకు మంచిదే. పెట్టు. కానీ ఒక మాట. ఈ రోజు లడ్డూలుండాయి. రేపు వాళ్ళు ఆ పేజీలో ఇంకేదన్నా పెడితే? నా పేరు చూసి పోతారే జనం."

"మారిస్తే నాకు తెలస్తాది సిస్టరమ్మా. నెలనెలా అన్నీ తెరిచి చూసేది నేనే. మారిన రోజే తీసేస్తాను."

"నాకు ఇయ్యన్నీ తెలవవు. నీ మాట మీద పెడతా ఉండా."

"నా మీద వదిలెయ్యండి" అంది సాహిరా.

సిస్టరమ్మ పేజీలో "పాలు చాలడం లేదనుకుంటే" అన్న మాటలు నీలం రంగుకు మారాయి. వాటిని ఒత్తితే పొత్తిళ్ళు వాళ్ళ పేజీ తెరుచుకుంటుంది. రెండు నెలలు తిరిగేసరికి ఎక్కడో అడుగున పడి ఉన్న ఆ పేజీ రెండో చోటికి ఎక్కింది. మొదటిది సిస్టరమ్మది, దాని కిందే పొత్తిళ్ళు వాళ్ళది. నరేంద్రబాబు ఆనందానికి పట్టపగ్గాలు లేవు. వచ్చే నెల నుంచి నువ్వే టీమ్ లీడరువి అన్నాడు. సాహిరా ఆ మాట ఇంట్లో కూడా చెప్పేసింది.

ఆ నెలాఖరులో అలవాటుగా లింకులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూస్తోంది. సిస్టరమ్మ పేజీ తెరిచి నీలం మాటలు ఒత్తింది. అడ్రసు అదే. లడ్డూలు లేవు. నవ్వుతున్న బిడ్డ బొమ్మ, పక్కన పాలపొడి డబ్బా. "తల్లిపాలు చాలని మీ బిడ్డకు" అని పైన పెద్ద అక్షరాలు. కింద ఇంటికే తెచ్చిస్తామని ఒక బటన్.

ముప్పై నాలుగేళ్ళు ఇంటింటికీ తిరిగి ఆ డబ్బాలనే కదా సిస్టరమ్మ బయట పారేయించింది! సాహిరా లేచి నేరుగా నరేంద్రబాబు గదిలోకి పోయింది.

"లింకు మనది, పేజీ వాళ్ళది" అన్నాడాయన కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా. "వాళ్ళ కొట్లో వాళ్ళు ఏదన్నా అమ్ముకుంటారు. సోమవారం వాళ్ళతో మీటింగ్ ఉండాది. అది కానీ, తర్వాత చూద్దాం. ఇప్పుడు తీసేసినావంటే రెండోది ఇరవయ్యోది అయిపోతాది. అప్పుడు నిన్ను లీడరు అని నేనెట్టా చెప్పేది?"

సోమవారం మీటింగ్ అయింది. తీయడానికి రెండు నిమిషాలు చాలు, తాళం తన చేతిలోనే ఉంది, మాటిచ్చింది తనే. అయినా సాహిరా రేపు తీద్దామనుకుంది. కొత్త పోస్టు కాగితం చేతికొచ్చాక తీస్తే ఎవరూ ఏమీ అనలేరనుకుంది. అసలు ఎంతమంది ఒత్తుతారులే ఆ మాటల్ని, అని కూడా అనుకుంది. ఎంతమంది ఒత్తుతున్నారో రోజూ లెక్క చూసే మనిషి అలా అనుకోవడానికి ఎంత తెగింపు కావాలో ఆలోచించండి. ఆదివారాలు మామూలుగానే సిస్టరమ్మ ఇంటికి పోయింది. ప్రశ్నలు చదివింది. జవాబులు రికార్డు చేసింది. ఆమె పెట్టిన టీ తాగి వచ్చింది.

ఒక గురువారం ఉదయం సిస్టరమ్మ ఫోన్ చేసింది. "బండేసుకోని రా. చిట్టమూరు పక్కన, ఆదిశేషమ్మ వాళ్ళ ఇల్లు. దోవ అడిగితే చెప్తారు." గొంతులో కోపం లేదు. ఏమిటని అడక్కుండానే సాహిరా బండి తీసింది.

ఆదిశేషమ్మది వరి సేద్యం చేసే ఇల్లు. నడవాలో వడ్ల బస్తాలు నిలువునా ఉన్నాయి. లోపలి గదిలో మంచం మీద కోడలు సుప్రియ, ఆమె పక్కన ఇరవై రోజుల బిడ్డ. బిడ్డ నిద్రపోతోందని చెప్పాలి గానీ, కళ్ళు లోపలికి పోయి, పెదవులు ఎండి, నిద్రకూ నీరసానికీ తేడా తెలియకుండా పడి ఉంది. అయిదు రోజులు విరేచనాలు, మూడు రోజులు ఆసుపత్రి, నిన్ననే ఇంటికి తెచ్చారు. సిస్టరమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. కిటికీలో పాలసీసా, దాని పక్కన డబ్బా. ఆ డబ్బాను సాహిరా గుర్తుపట్టింది.

"ఈ పిల్లకి కూడా చెప్పమ్మా, నాకు చెప్పినట్టే చెప్పు" అంది సిస్టరమ్మ.

ఆదిశేషమ్మకు తాను చెబుతున్నది నేరమని తెలియదు. "ఏముంది మే, మా కోడలికి పాలు చాలడం లేదని అనుమానం వచ్చినాది. సిస్టరమ్మ పేజీ తీసినాం. నీలం అక్షరాలు ఒత్తినాం. ఈ డబ్బా వచ్చినాది. సిస్టరమ్మే రాసినాక ఇంకేం ఆలోచిస్తాం? మా ఇంట్లో నలుగురు పిల్లోళ్ళు పుట్టినారు, ఒక్క డబ్బా గడప తొక్కలా. మీరు రాసినారు గాబట్టి తెప్పించినాం సిస్టరమ్మా, లేకుంటే తెస్తామా?"

సుప్రియ మంచం మీద నుంచి నెమ్మదిగా అంది. "రెండు వారాలుగా రొమ్ముకు పెట్టలేదమ్మా. ఇప్పుడు పెడితే ఏమీ రావడం లేదు."

నేను రాయలేదని సిస్టరమ్మ ఒక్క మాట అనవచ్చు. ఎవరో కంపెనీవాళ్ళు చేసిన మోసమని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. ఆమె అలా అనలేదు. "నాదే తప్పు తల్లీ. నా పేజీలోకి ఏమొచ్చిందో నేను చూసుకోలా" అంది. డబ్బాను కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. సుప్రియను లేపి, వీపు వెనక దిండు పెట్టి, బిడ్డను ఆమె రొమ్ముకు ఆనించి, ఆ బిడ్డ రెండు గుటకలు వేసి వదిలేసేదాకా పట్టుకునే ఉంది. "రెండు గంటలకొకసారి పెట్టు. వచ్చినా రాకపోయినా పెట్టు. నేను రోజూ వస్తా. మళ్ళా పడతాయి, నాది పూచీ" అంది. డెబ్బై ఏళ్ళ మనిషి, రెండు బస్సులు మారి రావాలి.

సాహిరా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

బయట గడ్డివామి పక్కన బండి దగ్గరికి వచ్చాక సిస్టరమ్మ అడిగింది. "ఎప్పుడు మారింది?"

నిన్ననే అన్న మాట నోటిదాకా వచ్చింది. "ఈ మధ్యనే సిస్టరమ్మా..." అని నీళ్ళు నమిలింది సాహిరా.

"ఈ మధ్యనంటే?"

"నేను చూసి... ఇరవై మూడు రోజులు."

సిస్టరమ్మ లెక్క వెయ్యడానికి ఆట్టే సేపు పట్టలేదు. "అయితే ఈ బిడ్డ పుట్టక ముందే నీకు తెలుసు."

సాహిరా బండి అద్దం మీది దుమ్ము తుడిచింది.

"మూడు ఆదివారాలు నా ఇంటికొచ్చినావు. నా ఎదురుగానే కూర్చున్నావు. ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది నీకు?"

ఏం పోయేదో సాహిరాకు తెలుసు. ఆఫీసు గాజు తలుపు మీద టీమ్ లీడరని తన పేరు. అది పైకి చెప్పడానికి సిగ్గేసింది. "ఇప్పుడే తీసేస్తాను" అని ఫోను తీసింది.

"లింకు గాదు. పేజీ మొత్తం తీసెయ్."

సాహిరా ఉలిక్కిపడింది. "వద్దు సిస్టరమ్మా! అది మాత్రం వద్దు. మీరిచ్చినారని చూసి ఈపాటికి ఇంకా చాలామంది వాళ్ళకు లింకులిచ్చినారు, మీది పైనుండబట్టే వాళ్ళది కిందుండాది. మీది తీసేస్తే వాళ్ళదే మొదటికొస్తాది. లింకు తీసేసి, ఆ డబ్బా కొనబాకండని పైన పెద్దక్షరాలతో రాస్తాను. అట్టా చేస్తేనే మేలు. నన్ను నమ్మండి."

ఇంత పచ్చినిజం ఆమె ఆ నెలలో ఇంకెవరితోనూ చెప్పి ఉండదు.

సిస్టరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "ఇదీ మీ ఆఫీసు మాటేనా?"

"కాదు సిస్టరమ్మా, అల్లా తోడు."

"ఆ రోజు నా మీద వదిలెయ్యండి అన్నప్పుడు గూడా నీ మొహం ఇట్టనే ఉండింది. పేజీ ఉంటే మీకేదో లాభముండాది. నాకు తెలవని లాభం. తీసెయ్. నేను కాళ్ళతో తిరిగి చెప్పుకున్నన్నాళ్ళు ఎవురూ నా మాట కింద డబ్బా పెట్టలా."

ఎంత చెప్పినా వినలేదు. వినేట్టు చేసుకునే హక్కు సాహిరా తన చేతులతోనే పోగొట్టుకుంది. వామి నీడలో నిలబడి, సిస్టరమ్మ కళ్ళెదుటే ఫోన్లో పాస్‌వర్డు కొట్టి, పేజీని తీసేసింది. నిజంగా తీసెయ్యమంటారా అని ఫోను అడిగింది. అవును అని ఒత్తింది. ఆరేళ్ళ పని, కాలేజీలూ డాక్టర్లూ నెత్తిన పెట్టుకున్న పని, ఒక్క నిమిషంలో పోయింది. ఎక్కండి, బస్సు దాకా దింపుతాను అంటే సిస్టరమ్మ ఎక్కలేదు. గట్టు మీద నడుచుకుంటూ పోయింది.

పదకొండో రోజు నరేంద్రబాబు మైసూర్ పాకు పెట్టె పట్టుకుని సాహిరా కుర్చీ దగ్గరికి వచ్చాడు. "మొదటిది మనదే! ఆ ముసలామె పేజీ గల్లంతు. కనపడను గూడా కనపడదు. లింకు తెస్తావనుకున్నా గానీ, పోటీనే లేకుండా చేస్తావనుకోలా. అమ్మో, నువ్వు సామాన్యురాలివి గాదు."

"నేను దానికోసం చెయ్యలేదు సార్."

"నాకు గూడా చెప్పవా?" అని నవ్వి, ఒక ముక్క ఆమె టేబుల్ మీద పెట్టి పోయాడు. మిగిలిన నలుగురూ చప్పట్లు కొట్టారు. సాహిరాకు ఒళ్ళు మండిపోయింది. రాజీనామా రాద్దామని కంప్యూటర్ ముందు కూర్చుంది. రెండు వాక్యాలు రాసి చెరిపేసింది. ఆమెకు తన మీదే అసహ్యం వేసింది, అయినా సాయంత్రం దాకా పని చేసుకుంటూనే ఉంది.

సిస్టరమ్మ వాట్సాప్ ఫోను ఇంకా ఆమె బ్యాగులోనే ఉంది. రెండుసార్లు తిరిగి ఇవ్వడానికి పోతే తలుపు తాళం వేసి ఉంది; ఆమె రోజూ చిట్టమూరు పోతోందని పక్కింటివాళ్ళు చెప్పారు. సుప్రియకు పాలు మళ్ళా పడుతున్నాయని కూడా వాళ్ళే చెప్పారు. మైసూర్ పాకు పంచిన మర్నాడు మధ్యాహ్నం అన్నం తినబోతుంటే ఆ ఫోను మోగింది. ఒక వాయిస్ మెసేజ్. సాహిరా చెవి దగ్గర పెట్టుకుంది.

"సిస్టరమ్మా, వాకాడు నుంచి మాట్లాడతా ఉండా. మీరు నన్నెరగరు. పెద్దోడప్పుడు మీ పేజీ చూసే సాకినాను, ఈ నంబరు అప్పుడు అందులో తీసుకున్నదే. ఇప్పుడు ఆడబిడ్డ పుట్టినాది, తొమ్మిది రోజులు. మీ పేజీకి పేరేందో నాకు తెలవదు, పాలు పడాలంటే అని కొడితే ముందొచ్చేది సిస్టరమ్మదని మా కాడ అందరం అట్టనే చూస్తాం. ఇప్పుడు కొత్తగా మార్చినట్టుండారు, బొమ్మలతో బాగుండాది. మీరు పెట్టిన డబ్బా తెప్పించినాం. ఎన్ని చెంచాలు కలపాల?" వెనక బిడ్డ ఏడుపు వినపడుతోంది, గట్టి ఏడుపు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఏడుపు.

సాహిరా అన్నం పక్కకు నెట్టి టైపు చేసింది. "ఆ డబ్బా వాడొద్దు. అది సిస్టరమ్మ పేజీ కాదు. బిడ్డకు మీ పాలే ఇవ్వండి."

కాసేపటికి జవాబు వచ్చింది. "మీరెవురు? సిస్టరమ్మతో చెప్పించండి."

సాహిరా తన ఫోను నుంచి సిస్టరమ్మకు చేసింది. పూర్తిగా మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి రెండు రింగులకే అవతల కట్ చేసేశారు. మూడోసారి చేస్తుండగా చిన్న ఫోన్లో ఇంకో మెసేజ్ వచ్చింది.

"నీళ్ళు కాగినాయి సిస్టరమ్మా. చెప్పండి."